కాక్ కదలకముందే

2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకా పట్టణంలో అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ ఒక స్మాష్ కొట్టాడు. రాకెట్‌ని వదిలిన క్షణంలో కాక్ వేగం గంటకు 565 కిలోమీటర్లు. ఫార్ములా వన్ కారు కూడా అందుకోలేని వేగం అది. 2013 నుంచి చెక్కుచెదరకుండా ఉన్న 493 కిలోమీటర్ల రికార్డు ఆ దెబ్బతో చెరిగిపోయి, గిన్నిస్ పుస్తకంలో కొత్త అంకె చేరింది. ఆ వార్త వచ్చినప్పుడు అందరూ సాత్విక్ భుజబలం గురించే మాట్లాడుకున్నారు. అది న్యాయమే. అయితే నెట్‌కి అవతల నిలబడేవాడి సంగతి ఇంకా ఆశ్చర్యకరమైనది. సాత్విక్ స్మాష్‌లను తిప్పికొట్టే ఆటగాళ్లు ప్రపంచంలో కొంతమంది ఉన్నారు. ప్రతి టోర్నమెంట్‌లోనూ తిప్పికొడుతూనే ఉన్నారు. ఎలా?

లెక్క చూస్తే అది అసాధ్యమనిపిస్తుంది. బ్యాడ్మింటన్ కోర్టు మొత్తం పొడవు 13.4 మీటర్లు. కాక్ బరువు సుమారు 5 గ్రాములు, దానికి 16 ఈకలు. ఆ ఈకల వల్ల గాలి దాన్ని గట్టిగా పట్టి లాగుతుంది కాబట్టి, అవతలివాడి దగ్గరికి చేరేసరికి వేగం చాలావరకు పడిపోతుంది. ఆ తగ్గింపు అంతా కలిపి చూసినా, మంచి స్మాష్‌ని ఎదుర్కొనేవాడికి దక్కేది అర సెకను కన్నా తక్కువ. తెర మీద దీపం వెలగ్గానే బటన్ నొక్కమంటే మామూలు మనిషికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది. అది ఒక్క వేలు కదపడానికి మాత్రమే. కోర్టులో అయితే కాక్ ఎటు వస్తుందో తేల్చుకోవాలి, అడుగు వేయాలి, నడుము వంచాలి, రాకెట్‌ని సరైన కోణంలో పెట్టాలి. క్రికెట్‌లోనూ ఇదే ఇరకాటం. గంటకు 140 కిలోమీటర్ల బంతి బౌలర్ చెయ్యి వదిలాక బ్యాట్స్‌మన్‌ని చేరడానికి అర సెకను కూడా పట్టదు.

దీనికి మనం చెప్పుకునే జవాబు ఒకటుంది. గొప్ప ఆటగాళ్ల కళ్లు చురుకు, నరాలు చురుకు, మనకు 0.2 సెకన్లు పట్టేది వాళ్లకు అందులో సగమే పడుతుంది. వినడానికి నమ్మదగినట్టే ఉంటుంది. పరీక్షిస్తే మాత్రం నిలబడలేదు.

బ్రిటన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ మెక్‌లియడ్ 1987లో ఈ విషయం తేల్చడానికి ఒక చక్కటి ఏర్పాటు చేశారు. పిచ్ మీద పరిచే మ్యాటింగ్ కింద సన్నని చెక్క కడ్డీలు పెట్టారు. బంతి నేలకు తగిలాక ఎటు తిరుగుతుందో బౌలర్‌కీ తెలియదు, బ్యాట్స్‌మన్‌కీ తెలియదు. అంతర్జాతీయ స్థాయి బ్యాట్స్‌మన్లను అక్కడ నిలబెట్టి, ఆడుతుండగా వేగంగా ఫిల్మ్ తీశారు. బంతి దారి తప్పాక సుమారు 0.2 సెకన్ల వరకు వాళ్ల బ్యాట్ పాత దారిలోనే పోతోంది. దిద్దుబాటు ఆ తర్వాతే మొదలవుతోంది. అది మామూలు మనుషులకు పట్టే సమయమే. ఆ కడ్డీల ముందు వాళ్ల అనుభవమంతా పనికిరాకుండా పోయింది.

అమెరికాలో ఇదే సంగతి వేల మంది కళ్లెదుట జరిగింది. 2004లో సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణి జెనీ ఫించ్ ఒక సరదా మ్యాచ్‌లో, అప్పటికే బేస్‌బాల్‌లో మేటి అనిపించుకున్న ఆల్బర్ట్ పుహోల్స్‌కి బంతి విసిరింది. సాఫ్ట్‌బాల్ పరిమాణంలో పెద్దది, వేగం తక్కువ. అయితే దూరమూ తక్కువే కనుక కొట్టేవాడికి దొరికే సమయం ఇంచుమించు బేస్‌బాల్‌లో దొరికినంతే. పుహోల్స్ బ్యాట్‌కి బంతి తగల్లేదు. తర్వాత సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అతణ్ని పరీక్షించినప్పుడు, దీపం చూసి బటన్ నొక్కే వేగంలో కాలేజీ విద్యార్థులు నూరుమందిలో 66 మందిని మించాడు. అంటే ముప్ఫై మందికి పైగా మామూలు విద్యార్థులు ఆ పనిలో పుహోల్స్ కన్నా వేగం! ఫించ్ చేతిని కింద నుంచి గాలిమరలా తిప్పి బంతి విసురుతుంది. పుహోల్స్ జీవితమంతా చూసింది భుజం మీదుగా విసిరే చేతుల్ని. ఆ మ్యాచ్‌లో అతని కళ్లూ నరాలూ యథాతథంగానే ఉన్నాయి. అతను ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న మరేదో అక్కరకు రాకుండా పోయింది.

అదేమిటో తేల్చిన ప్రయోగాల్లో ముఖ్యమైనది బ్యాడ్మింటన్ మీదే జరగడం మనకు సంతోషం. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బ్రూస్ అబర్నెథీ 1980లలో ఆటగాళ్ల షాట్లను అవతలి కోర్టులో నిలబడ్డవాడికి కనిపించే కోణంలో ఫిల్మ్ తీశారు. ఆ ఫిల్మ్‌ని రకరకాల చోట్ల కత్తిరించారు. కొన్ని ముక్కలు రాకెట్ కాక్‌ని తాకాక ఆగిపోతాయి, కొన్ని సరిగ్గా తాకే క్షణంలో, మరికొన్ని ఇంకా తాకకముందే. చూసేవాళ్లు చెప్పవలసింది ఒక్కటే, కాక్ ఎక్కడ పడుతుందో. రాకెట్ కాక్‌ని తాకడానికి ముందే ఫిల్మ్ ఆగిపోయినా, మేటి ఆటగాళ్లు కొత్తవాళ్ల కన్నా బాగా చెప్పగలిగారు. కాక్ అప్పటికింకా ఎటూ బయల్దేరనే లేదు!

తర్వాత ఆయన తెర మీద ఒక్కో భాగాన్ని కప్పేస్తూ వచ్చారు. ఒకసారి రాకెట్ కనబడదు, ఒకసారి చెయ్యి కనబడదు, ఒకసారి తల కనబడదు. కొత్తవాళ్లకు ఆధారం రాకెట్ ఒక్కటే. మేటి ఆటగాళ్లు రాకెట్‌తోపాటు దాన్ని పట్టుకున్న చేతి నుంచి కూడా కబురు అందుకుంటున్నారు. చెయ్యి రాకెట్ కన్నా ముందు కదులుతుంది కనుక కబురు ముందే చేరుతుంది. ఆ కాస్త ముందు చేరడమే, చూసేవాళ్లకు 'ఎంత తీరిగ్గా ఆడుతున్నాడో' అనిపించే ఆటగా మారుతుంది.

ఈ పరిశోధనలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది కంటి కదలికల లెక్క. మేటి ఆటగాడూ కొత్తవాడూ ఎక్కడెక్కడ చూపు నిలుపుతున్నారో పరికరంతో నమోదు చేస్తే, ఇద్దరూ ఇంచుమించు ఒకే చోట చూస్తున్నారు. చూపు ఒకటే, అందులోంచి అందుకున్నది వేరు. 'బాల్ మీదే కన్ను పెట్టు' అని పిల్లల్ని అదిలించే కోచ్‌లు ఈ ఫలితం గురించి కాసేపు ఆలోచించాలని నా కోరిక. ఎటు చూడాలో చెప్పడం తేలిక. అక్కడ ఏం కనబడాలో చెప్పడం ఎవరి తరమూ కాదు. అది ఆడి, ఓడి, మళ్లీ ఆడి మెదడు తనంతట తాను పోగు చేసుకోవలసిన సరుకు. ఆ తర్వాతి ప్రయోగాల్లో మనిషి బొమ్మే లేకుండా, కీళ్ల దగ్గర, రాకెట్ మీద వెలిగే చుక్కలు మాత్రం కదులుతున్నట్టు చూపించారు. ముఖం లేదు, బట్టలు లేవు, కండలు లేవు. ఆ చుక్కల నడకను బట్టే మేటి ఆటగాళ్లు షాట్‌ని పసిగట్టగలిగారు.

క్రికెట్‌లో ఇదే కథ మరో రూపంలో కనిపించింది. మైఖేల్ లాండ్, మెక్‌లియడ్ కలిసి బ్యాట్స్‌మన్ల తలకు చిన్న కెమెరా బిగించి, చూపు ఎటు పోతోందో కొలిచారు. 2000లో వెలువడిన ఆ ఫలితం ప్రకారం బ్యాట్స్‌మన్ బంతిని దారి పొడవునా చూడటం లేదు. బంతి బయల్దేరినప్పుడు చూస్తాడు, వెంటనే చూపు ఎగిరి అది నేల తాకబోయే చోట వాలి, బంతి రాక కోసం ఎదురుచూస్తుంది. వాళ్లలో బాగా ఆడేవాడి చూపు అందరికన్నా ముందు ఎగురుతుంది.

మరి ఈ పసిగట్టడం చూసి చూసి వచ్చేదేనా? అలాగైతే ఏళ్లుగా ప్రెస్ బాక్సులో కూర్చున్న విలేకరులకూ రావాలి కదా! ఇటలీలో సాల్వతోరె అలియోతి బృందం 2008లో సరిగ్గా దీన్నే పరీక్షించింది. బాస్కెట్‌బాల్ ఫ్రీ త్రో వీడియోలను మధ్యలో ఆపేసి, బంతి బుట్టలో పడుతుందో లేదో చెప్పమన్నారు. ఆటగాళ్లు ఒక జట్టు, కోచ్‌లూ క్రీడా విలేకరులూ ఒక జట్టు, ఆట తెలియనివాళ్లు ఒక జట్టు. బంతి చేతిని వదలకముందే ఎక్కువసార్లు సరిగ్గా చెప్పింది ఆటగాళ్లు. తప్పు త్రో చూస్తున్నప్పుడు వాళ్ల చేతి కండరాలకు మెదడు నుంచి వెళ్లే సంకేతాల్లో ప్రత్యేకమైన మార్పు కూడా కనబడింది. అవతలివాడి వేళ్లలో జరిగిన పొరపాటు చూసేవాడి వేళ్లకు తెలిసినట్టు! కొన్ని వేల సార్లు తానే ఆ త్రో విసిరినవాడికి మాత్రమే చిక్కే చూపు ఇది. రోజూ టీవీలో మ్యాచ్‌లు చూసే మనకు ఇంత పట్టుబడదు, ఎన్ని సంవత్సరాలు చూసినా.

చదువు వచ్చినవాడు 'విజయవాడ' అన్న బోర్డుని అక్షరం అక్షరం కూడబలుక్కోడు, చూపు పడగానే ఊరి పేరు మనసులో పలుకుతుంది. ఆటగాడికి ఎదుటివాడి భుజం, మోచెయ్యి, మణికట్టు కలిసి అలాంటి ఒక్క మాటగా కనబడతాయి. అందుకే అలవాటు లేని లిపి ఎదురైతే మహా ఆటగాడు కూడా తడబడతాడు. ఎడమచేతివాటం వాళ్లు దీనికి మంచి ఉదాహరణ. ప్రపంచంలో వాళ్లు పదిమందిలో ఒకరు. టేబుల్ టెన్నిస్, బేస్‌బాల్ పిచింగ్, క్రికెట్ బౌలింగ్ వంటి క్షణాల్లో తేలిపోయే ఆటల్లో మాత్రం పైస్థాయిలో అంతకన్నా చాలా ఎక్కువ. కుడిచేతి షాట్లనే చూస్తూ పెరిగిన కళ్లకు ఎడమచేతి షాట్‌ని ముందే చదవడం కష్టమని టెన్నిస్ మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో పి.వి. సింధు మొదటి గేమ్ 21-19తో గెలిచి, తర్వాతి రెండూ 12-21, 15-21తో కరోలినా మరీన్‌కి వదులుకుంది. మరీన్ ఎడమచేతివాటం. ఓటమికి అదొక్కటే కారణమనడం మరీన్ వేగానికీ పట్టుదలకీ అన్యాయం చేయడమే అవుతుంది. కానీ అలాంటి ప్రత్యర్థిని చదవడం అదనపు బరువన్నది నిజం. స్మాష్‌కి చెయ్యెత్తినట్టే ఎత్తి ఆఖరి క్షణంలో డ్రాప్ వేసే ఆటగాడు చేసేదీ ఇదే, చదివేవాడి చేతికి తప్పు పుస్తకం ఇస్తాడు.

ఇక ఈ చూపు ఎలా వస్తుందన్న ప్రశ్న. 'పది వేల గంటలు సాధన చెయ్, ఎవరైనా ఛాంపియన్ కావచ్చు' అన్న మాట మన కోచింగ్ సెంటర్ల గోడల దాకా వచ్చేసింది. దాని మూలం ఆండర్స్ ఎరిక్సన్ బృందం 1993లో బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద ప్రచురించిన అధ్యయనం. అందులో పది వేలు ఒక సగటు మాత్రమే. 2008లో మాల్కమ్ గ్లాడ్‌వెల్ పుస్తకం తర్వాత అదొక శాసనంలా చెలామణి అయింది, ఎరిక్సనే దానికి అభ్యంతరం చెప్పారు. బ్రూక్ మెక్‌నమారా బృందం 2016లో క్రీడలపై వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టింది. ఆటగాళ్ల మధ్య తేడాల్లో సాధన గంటలతో వివరించగలిగింది 18 శాతం. అత్యున్నత స్థాయి ఆటగాళ్లను మాత్రమే తీసుకుంటే 1 శాతం. సాధన అక్కర్లేదని దీని అర్థం కాదు. ఆ మెట్టు మీదికి చేరినవాళ్లందరూ ఎలాగూ ఒళ్లు వంచి సాధన చేసినవాళ్లే, కాబట్టి వాళ్లను వేరు చేసేది గంటల లెక్క కాదు.

గంటల సంఖ్య కన్నా ఆ గంటల్లో ఏం జరుగుతోందన్నది చూడాలి. 1986లో గూడ్, మాగిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఆట కొత్తగా నేర్చుకుంటున్న అమ్మాయిలకు బ్యాడ్మింటన్‌లో మూడు రకాల సర్వీసులు నేర్పారు. ఒక గుంపు ఒకే సర్వీసును వరసగా చేసి తర్వాతి దానికి వెళ్లింది. ఇంకో గుంపుకి మూడూ కలగాపులగంగా వచ్చాయి, ఒక్కటీ కుదురుగా చేతికి పట్టనివ్వకుండా. కొంత విరామం తర్వాత పరీక్ష పెడితే కలగాపులగం గుంపుదే పైచేయి. అలవాటు లేని వైపు కోర్టు నుంచి సర్వీస్ చేయమన్నప్పుడూ అంతే. వరసగా ఒకే షాట్ వందసార్లు కొడితే చేతికి పట్టుబడినట్టే ఉంటుంది, చూసే అమ్మానాన్నలకూ ముచ్చటగా ఉంటుంది. మ్యాచ్‌లో మాత్రం ఏ ప్రత్యర్థీ ఒకే షాట్‌ని వందసార్లు పంపడు. ఇప్పుడు ఏ షాట్ అని తేల్చుకోవడమే అక్కడ సగం పని.

బౌలింగ్ మెషీన్ సంగతీ ఇందులోకే వస్తుంది. మెషీన్ నుంచి వచ్చే బంతికీ, మనిషి వేసే బంతికీ బ్యాట్స్‌మన్ కాలు కదిపే సమయమే మారిపోతుందని 2009లో ఒక పరిశోధన చూపించింది. మెషీన్‌కి పరుగు లేదు, భుజం లేదు, మణికట్టు లేదు. అక్కడ చదవడానికేమీ లేదు. నెట్స్‌లో మెషీన్ ముందు గంటలు గడిపే కుర్రాడు షాట్ నేర్చుకుంటాడు, బౌలర్‌ని చదవడం నేర్చుకోలేడు. ఊళ్లో పొలం గట్టు పక్కన పదిమంది పిల్లలు పది రకాలుగా బంతి విసిరే ఆటలో చదవడం దానంతటదే వచ్చేస్తుంది.

హైదరాబాద్‌లో తెల్లారకముందే ఏడెనిమిదేళ్ల పిల్లల్ని బండి వెనక కూర్చోబెట్టుకుని అకాడమీలకు తీసుకుపోయే తల్లిదండ్రులు బోలెడంతమంది. వాళ్ల కష్టం మీద నాకు గౌరవం ఉంది. అందుకే వాళ్లకు ఈ సంగతి చెప్పాలనుంది. ఆర్నె గులిష్ బృందం 6,096 మంది క్రీడాకారుల వివరాలను కలిపి పరిశీలించి 2022లో ప్రచురించింది. వాళ్లలో 772 మంది ప్రపంచ అగ్రశ్రేణి ఆటగాళ్లు. జాతీయ స్థాయితో ఆగిపోయినవాళ్లతో పోలిస్తే, ప్రపంచ స్థాయికి ఎదిగినవాళ్లు చిన్నప్పుడు ఎక్కువ రకాల ఆటలు ఆడారు, తమ ప్రధాన ఆటను ఆలస్యంగా మొదలుపెట్టారు, తొలి రోజుల్లో నెమ్మదిగా పైకి వచ్చారు. పిల్లల పోటీల్లో కప్పులు కొట్టినవాళ్ల లెక్క దీనికి తిరగబడి ఉంది. వాళ్లు తొందరగా మొదలుపెట్టారు, ఒకే ఆటను పట్టుకున్నారు. పన్నెండేళ్లకు కప్పు తెచ్చే దారీ, పాతికేళ్లకు పతకం తెచ్చే దారీ ఒకటి కావన్నమాట. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌కి చిన్నప్పుడు ఇష్టమైన ఆట క్రికెట్. ఒక్క మనిషి ఉదాహరణతో ఏదీ రుజువు కాదు కానీ, తొమ్మిదో తరగతికే పీటీ పిరియడ్‌ని లెక్కలకు అప్పజెప్పే బడుల గురించి ఆలోచిస్తే ఈ ఆరు వేల మంది లెక్క గుర్తొస్తూ ఉంటుంది.

ఒంటి తీరు కూడా లెక్కలోకి వస్తుంది. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు. ఆమె ఎత్తులో వాళ్ల వారసత్వం ఉంది. 2007 ఒసాకా ప్రపంచ పోటీల్లో హై జంప్ గెలిచిన బహామాస్ యువకుడు డొనాల్డ్ థామస్ ఆ ఆట మొదలుపెట్టి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. గాలిలోకి ఎగరడానికి ప్రత్యర్థిని చదవనక్కర్లేదు కాబట్టి అక్కడ ఒంటి తీరు పాలు ఎక్కువ. నెట్‌కి అవతల ఇంకో మనిషి ఉన్న ఆటలో రెండేళ్లలో ప్రపంచ ఛాంపియన్ కావడం ఊహకు అందదు.

ఒకసారి వచ్చిన ఈ నేర్పుని చెడగొట్టుకునే పద్ధతి కూడా శాస్త్రవేత్తలకు తెలుసు. సయాన్ బైలాక్ బృందం అనుభవమున్న ఫుట్‌బాల్ ఆటగాళ్లను బంతిని కోన్‌ల మధ్య నుంచి నడిపించమంది. మధ్యమధ్యలో 'నీ పాదంలో ఏ వైపు బంతికి తగులుతోందో గమనించు' అంటే వాళ్ల ఆట నెమ్మదించింది. అదే మాట కొత్తవాళ్లకు చెబితే మేలైంది. ఒత్తిడిలో తడబడటమంటే చాలాసార్లు ఇదే. ఏళ్ల కిందట చేతులకు అప్పగించేసిన పనిని మనసు మళ్లీ తన పెత్తనంలోకి తీసుకోవాలని చూస్తుంది. ఫైనల్ ముందు పిల్లవాడికి మోచెయ్యి ఎక్కడ పెట్టాలో, భుజం ఎలా తిప్పాలో వల్లెవేయించే పెద్దలు ఆ పెత్తనానికి చేయూత ఇస్తున్నారు.

కోర్టు బయట కూడా ఇలాంటి చూపున్న మనుషులు ఉన్నారు. 1975లో అమెరికాలో కుండెల్, నొడీన్ ఛాతీ ఎక్స్‌రేలను 0.2 సెకన్లపాటు మాత్రం చూపించి తీసేశారు. రేడియాలజిస్టులు ఆ రెప్పపాటులోనే 70 శాతం లోపాలను పట్టుకున్నారు. తీరిగ్గా చూడనిస్తే ఆ సంఖ్య 97 శాతం. ఒక్కో ఎక్స్‌రే చూసి తానేమనుకున్నాడో చెప్పి, తర్వాత అసలు జబ్బేమిటో తెలుసుకుని, ఇలా వేలసార్లు సరిచూసుకున్నవాడి కన్ను అది. ఆటలో ఈ సరిచూసుకోవడం క్షణంలో జరిగిపోతుంది. తప్పు చదివితే కాక్ నేలమీద పడుతుంది, పాయింట్ పోతుంది. ఆసుపత్రిలో జవాబు వారాల తర్వాత, అదీ మరో డాక్టర్ దగ్గరికి రావచ్చు. వైద్య విద్యార్థికి చూసిన ప్రతి ఎక్స్‌రే చివరికి ఏమని తేలిందో తిరిగి చెప్పే ఏర్పాటు ఉంటే, ఆటగాడికి కోర్టు ఇచ్చేదే అతనికి ఆసుపత్రి ఇవ్వగలదు.

రోడ్డు మీద డ్రైవర్‌కీ ఈ చూపే కావాలి. అనుభవమున్న డ్రైవర్లు ప్రమాదాన్ని కొత్తవాళ్ల కన్నా ముందు పసిగడతారు. ఈ ఆధారంతోనే బ్రిటన్‌లో 2002 నుంచి లైసెన్సు పరీక్షలో వీడియో పరీక్ష చేర్చారు. తెర మీద రోడ్డు కదులుతూ ఉంటుంది, ప్రమాదం రూపుదిద్దుకుంటోందని తోచగానే క్లిక్ చేయాలి, ఎంత ముందు క్లిక్ చేస్తే అంత ఎక్కువ మార్కులు. మన దగ్గర ట్రాక్ మీద ఎనిమిది అంకె, హెచ్ అక్షరం గీయించి స్టీరింగ్ మీద చేతుల నేర్పు చూస్తారు. ఆగి ఉన్న ఆర్టీసీ బస్సు ముందు నుంచి ఎవరైనా దాటబోతున్నారేమో, గట్టు మీది గేదె రోడ్డు వైపు తల తిప్పిందేమో పసిగట్టే కన్ను ఆ పరీక్షకు రాదు. లెర్నింగ్ లైసెన్సుకి వచ్చినవాళ్లను ఎలాగూ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రోడ్డు గుర్తుల గురించి అడుగుతున్నాం. అదే తెర మీద మన రహదారుల్లో తీసిన పది వీడియోలు వేసి, ఎవరు ఎంత ముందు కనిపెట్టారో కొలవడానికి కొత్త యంత్రాలేవీ కొననక్కర్లేదు.